సైగాన్ వరిచేలో కూలిన విమానం

కొత్తగా వచ్చిన ప్రతి రోగినీ మేము అడిగే ప్రశ్నల్లో ఒకటి కుటుంబ చరిత్ర. అమ్మకు షుగరు ఉందా, నాన్నకు గుండె జబ్బు వచ్చిందా, తోడబుట్టినవాళ్లలో ఎవరికైనా మూర్ఛలున్నాయా అని. మన తెలుగువాళ్లను ఈ ప్రశ్న అడిగితే రాసుకోవడానికి కాగితం చాలదు. మేనత్తగారి రక్తపోటుతో మొదలుపెట్టి ముత్తాతగారి పక్షవాతం దాకా చెబుతారు. కాని ఈ దేశంలో కొందరు రోగులు ఆ గడిలో ఒకే మాట రాసి ఊరుకుంటారు: తెలియదు. అలా రాసేవాళ్లలో వియత్నాంలో పుట్టి ఇప్పుడు యాభయ్యో పడి దాటినవాళ్లు కొందరుంటారు. 1975 ఏప్రిల్‌లో, అక్కడి యుద్ధం ముగిసే చివరి రోజుల్లో, పసిపిల్లలుగా విమానాల్లో వచ్చి అమెరికన్ ఇళ్లలో పెరిగినవాళ్లు వీళ్లు.

వాళ్లను తీసుకురావడానికి ప్రభుత్వం పంపిన మొట్టమొదటి సైనిక విమానం అమెరికా చేరలేదు. బయలుదేరి గంట తిరక్కుండానే, వెనక్కి వచ్చి అదే విమానాశ్రయంలో దిగబోతూ, రన్‌వేకి సుమారు రెండు మైళ్ల ఇవతల వరిచేలో కూలిపోయింది. ఆ రోజు 1975 ఏప్రిల్ 4. అప్పటికి మేము పుట్టలేదు. మన సంఘంలో పెద్దవాళ్లకు ఆ వార్త గుర్తుండే ఉంటుంది. 2025 ఏప్రిల్‌తో ఆ ప్రమాదానికి యాభయ్యేళ్లు నిండాయి.

విమానం కూలిన కథ ఒక్క సాయంత్రంలో అయిపోయింది. బతికి బయటపడ్డ పిల్లల కథ మాత్రం ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది. ఆ రెండో కథ మాకు ఈమధ్యనే తెలిసింది. డాక్టర్లుగా మేము రోజూ చేసే పనికి దానితో ఉన్న సంబంధం చూసి ఆశ్చర్యపోయాం. ప్రమాదం అయిపోయింది అని ఎప్పుడు అనాలి, ఆ మాట అనే అధికారం ఎవరిది అన్నదే ఆ కథలోని ప్రశ్న. అందుకని మొదటి నుంచీ చెప్పుకొస్తాం.

ఆ యుద్ధానికీ, మనం ఇక్కడ ఉండడానికీ కొంత సంబంధం ఉంది. 1965లో ఈ దేశపు వలస చట్టం మారి మనబోటి వాళ్లకు తలుపు తెరుచుకుంది. అదే కాలంలో వియత్నాం యుద్ధం పెరిగి, ఇక్కడి కుర్ర డాక్టర్లను సైన్యంలోకి లాగింది. డాక్టర్ల నిర్బంధ సేవ 1973 దాకా సాగింది. అసలే డాక్టర్లు చాలని ఆసుపత్రుల్లో రెసిడెంట్లుగా చేరినవాళ్లలో గుంటూరు, కాకినాడ, విశాఖ, హైదరాబాదు, వరంగల్ కాలేజీల్లో చదివి వచ్చిన మన ముందు తరంవాళ్లు ఉన్నారు. అంచేత వియత్నాం మనది కాని యుద్ధమే అయినా, మనకు బొత్తిగా సంబంధం లేని యుద్ధమని అనలేం.

1975 మార్చి నెలాఖరుకి దక్షిణ వియత్నాం కుప్పకూలుతోంది. హ్యూయే, దనాంగ్ నగరాలు ఉత్తర సైన్యం చేతికి చిక్కాయి. లక్షల మంది కాందిశీకులు దక్షిణానికి తరలివచ్చారు. సైగాన్‌లో విదేశీ సంస్థలు నడిపే అనాథ శరణాలయాలు కిక్కిరిసి ఉన్నాయి. వాటిలో చాలామంది పిల్లలకు అమెరికాలోనో, యూరప్‌లోనో, ఆస్ట్రేలియాలోనో దత్తత తల్లిదండ్రులు ముందే కుదిరి ఉన్నారు. కాగితాలు పూర్తికాక పిల్లలు ఆగిపోయారు. ఏప్రిల్ 3న అధ్యక్షుడు ఫోర్డ్ పిల్లల్ని తరలించడానికి సైనిక విమానాలు పంపుతున్నామనీ, అందుకు 20 లక్షల డాలర్లు కేటాయించామనీ ప్రకటించాడు. ఆ కార్యక్రమానికి ఆపరేషన్ బేబీలిఫ్ట్ అని పేరు పెట్టారు.

మర్నాడే సైగాన్‌లోని తాన్ సన్ నుట్ విమానాశ్రయంలో ఒక సి-5ఎ గెలాక్సీ దిగింది. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద విమానాల్లో అదొకటి. పొడవు సుమారు 75 మీటర్లు, రెక్క చివరి నుంచి రెండో రెక్క చివరికి 68 మీటర్లు. జార్జియా రాష్ట్రంలో మారియెట్టా అనే ఊళ్లో లాక్‌హీడ్ కంపెనీ తయారుచేసింది. ముక్కు పైకి లేస్తుంది, వెనక తలుపులు తెరిస్తే ర్యాంపు నేలకు వాలుతుంది, టాంకులు ఒకవైపు నుంచి ఎక్కి మరోవైపు నుంచి దిగిపోవచ్చు. ఆ రోజు అది తెచ్చింది హొవిట్జర్ ఫిరంగులు. ఓడిపోతున్న సైన్యానికి ఫిరంగులు దింపి, ఖాళీ అయిన కడుపులో పిల్లల్ని ఎక్కించుకుని వెనుదిరిగింది.

విమానంలో రెండు అంతస్తులు. పై అంతస్తు వెనక భాగంలో సైనికుల కోసం వేసిన సీట్లున్నాయి. ఆ సీట్లన్నీ తోక వైపుకు తిరిగి ఉంటాయి. పసికందుల్ని అక్కడ ఒక్కో సీటుకి ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టి, తలగడలు దన్నుపెట్టి, బెల్టులు కట్టారు. పైన ఉన్న పిల్లలు దాదాపు 150 మంది. కాస్త పెద్ద పిల్లల్నీ, వాళ్లతో వెళ్లే పెద్దల్నీ కింది అంతస్తులో ఎక్కించారు. అది సరుకు కోసం కట్టిన గది. అక్కడ సీట్లు లేవు. దుప్పట్లు పరిచి, నేలమీద కూర్చోబెట్టి, సరుకు బిగించే పట్టీలే నడుములకు అడ్డంగా బిగించారు. పిల్లల తోడుగా సైగాన్‌లోని అమెరికా రక్షణ కార్యాలయంలో పనిచేసే ఉద్యోగినులు ఎక్కారు. నగరం పడిపోయేలోగా ఆ ఉద్యోగుల్ని గోల లేకుండా దేశం దాటించడానికి అదొక మార్గం కూడా. పిల్లల్లో ఎక్కువమంది ఫ్రెండ్స్ ఫర్ ఆల్ చిల్డ్రన్ అనే సంస్థ శరణాలయాల వాళ్లు. ఆ సంస్థలో పనిచేస్తున్న ఇద్దరు ఆస్ట్రేలియా మహిళలు, మార్గరెట్ మోజెస్, లీ మాక్, పిల్లల వెంట విమానమెక్కారు. ఇద్దరూ ఆ రోజే చనిపోయారు.

సాయంత్రం నాలుగు దాటాక విమానం లేచింది. తూర్పు తీరం దాటి, వుంగ్ తౌ అనే ఊరికి కొద్ది మైళ్ల ఆవల సముద్రం మీద 23,000 అడుగుల ఎత్తుకు చేరింది. అక్కడ వెనక ర్యాంపు గొళ్లాలు విడిపోయాయి.

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం చెప్పుకోవాలి. ఆ ఎత్తున బయటి గాలి పీడనం నేలమీద ఉండే పీడనంలో సుమారు 40 శాతమే. మనుషులు ఊపిరి పీల్చుకోగలగడానికి విమానం లోపల గాలిని నొక్కి ఉంచుతారు. లోపలి గాలి బయటికి తోసుకువస్తూ తలుపులోని ఒక్కో చదరపు అడుగు మీద 300 కిలోలకు పైగా బరువు మోపుతుంది. నేలమీద ఉన్నప్పుడు ఈ బరువు ఉండదు. కాబట్టి సరిగ్గా పడని గొళ్లెం కూడా నేలమీద పడినట్టే కనిపిస్తుంది. విమానం పైకి వెళ్లేకొద్దీ బరువు పెరుగుతుంది. పడిన గొళ్లాలు పడని వాటి భారం కూడా మోస్తాయి. ఒక ఎత్తుకు వచ్చేసరికి అవీ ఓడిపోతాయి.

అలాగే జరిగింది. తలుపూ, ర్యాంపులో కొంత భాగమూ ఊడి సముద్రంలో పడ్డాయి. లోపలి గాలంతా క్షణంలో బయటికి పోయింది. గది నిండా మంచు కమ్మినట్టు తెల్లటి ఆవిరి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి జరిగింది. తోకకు వెళ్లే కంట్రోలు కేబుళ్లు తెగిపోయాయి. నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థల్లో రెండు పోయాయి. విమానం ముక్కును పైకెత్తి దించే పలకలూ, తోక మీది చుక్కానీ పైలట్ చేతికి అందకుండా పోయాయి. మిగిలినవి ఒక రెక్క మీది పలక, రెక్కల మీది స్పాయిలర్లు, నాలుగు ఇంజన్లు.

దీనికి పదమూడు నెలల ముందు, 1974 మార్చి 3న, పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డిసి-10 విమానం సామాన్ల గది తలుపు ఇలాగే ఊడి, కేబుళ్లు తెగి, అడవిలో కూలింది. అందులో ఉన్న 346 మందిలో ఒక్కరూ బతకలేదు. సైగాన్ విమానంలో సగం మందికి పైగా బతకడానికి ముఖ్యమైన కారణం కెప్టెన్ డెనిస్ ట్రేనర్, కో-పైలట్ టిల్‌ఫర్డ్ హార్ప్ చేసిన పని. తోక పలకలు లేని విమానానికి ఇంజన్ల జోరు పెంచితే ముక్కు లేస్తుంది, తగ్గిస్తే వాలుతుంది. ట్రేనర్ ఆ ఒక్క సాధనంతో, కిందికి పైకి ఊగిపోతున్న విమానాన్ని వెనక్కి తిప్పి సైగాన్ దారి పట్టించాడు.

కాని అలా ఎగరడం వేరు, దిగడం వేరు. దిగాలంటే వేగం తగ్గాలి. ఈ విమానంలో వేగం తగ్గిస్తే ముక్కు కిందికి వాలి పల్టీ కొట్టేస్తుంది. విమానాశ్రయం వైపు చివరి మలుపు తిరుగుతున్నప్పుడు సుమారు 4,000 అడుగుల ఎత్తున విమానం వేగంగా కిందికి జారడం మొదలుపెట్టింది. రన్‌వే అందదని ట్రేనర్‌కు అర్థమైంది. ఇంజన్లకు పూర్తి జోరిచ్చి ముక్కు లేపి, ఎదురుగా ఉన్న వరిచేలో దించాడు. నేల తాకినప్పటి వేగం సుమారు 270 నాట్లు, గంటకు 500 కిలోమీటర్లు. మామూలుగా దిగే వేగానికి అది దాదాపు రెట్టింపు. విమానం బురదలో పావు మైలు జారి, మళ్లీ గాలిలోకి లేచి, సైగాన్ నది దాటి, అవతలి ఒడ్డున గట్టును కొట్టుకుని నాలుగు ముక్కలైంది. సమయం 4:45 ప్రాంతం.

కింది అంతస్తు నేలకూ పై అంతస్తుకూ మధ్య నలిగిపోయింది. రెక్కలు ఇంధనంతో సహా విడిపోయి దూరంగా వెళ్లి మండాయి. పసికందులున్న పై అంతస్తు వెనక భాగం ఒక డబ్బాలాగా విడివడి, బురదలో జారుతూ పోయి ఆగింది. అందులో ఉన్నవాళ్లు దాదాపు అందరూ బతికారు. కింద ఉన్నవాళ్లలో బతికినవాళ్లు బహు కొద్దిమంది. మొత్తం 138 మంది చనిపోయారు. అందులో 78 మంది పిల్లలు, 35 మంది రక్షణ కార్యాలయ ఉద్యోగులు. 170 మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారు.

పై అంతస్తు పిల్లలు బతకడంలో తోక వైపు తిరిగిన సీట్ల పాత్ర కూడా ఉంది. విమానం ఠక్కున ఆగినప్పుడు ముందుకు తిరిగి కూర్చున్నవాడి శరీరం బెల్టు మీద వేలాడుతుంది, మెడ ముందుకు విరుచుకుపడుతుంది. వెనక్కి తిరిగి కూర్చున్నవాడి వీపూ, తలా, మెడా అన్నీ కలిసి సీటులోకి ఒదుగుతాయి. దెబ్బ ఒళ్లంతా పంచుకుంటుంది. తల బరువెక్కువా మెడ బలహీనమూ అయిన పసిబిడ్డకు ఈ తేడా ప్రాణమంత. మన ఇళ్లలో బిడ్డ పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజున కారు సీటు వెనక్కి తిప్పి కట్టమని నర్సు పట్టుబట్టేది అందుకే. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, బిడ్డ మొహం కనబడకుండా ఇదేం పద్ధతి అని విసుక్కుంటూ ఉంటారు. వాళ్లకు ఈ కథ చెప్పవచ్చు.

కూలిన చోటికి రోడ్డు లేదు. ఫైరింజన్లు రాలేకపోయాయి. హెలికాప్టర్లు కొంత దూరంలో దిగితే, మోకాలి లోతు బురదలో పిల్లల్ని చేతుల మీద మోసుకుపోయారు. ఆ మోసినవాళ్లలో వైద్య బృందానికి పెద్ద అయిన లెఫ్టినెంట్ రెజీనా ఔన్ ఒకరు. ఆమెకు పాదం విరిగింది, కాలి ఎముక విరిగింది, వెన్నుపూస ఒకటి చిట్లింది. అలాగే తోటివాళ్లతో కలిసి సుమారు 80 మంది పిల్లల్ని బయటికి చేర్చి, ఇక నా వల్ల కాదు, నన్ను విధుల నుంచి తప్పించండి అని పై అధికారిని అడిగి, స్పృహ తప్పి పడిపోయింది. కింది అంతస్తులో ఉన్న నర్సు కెప్టెన్ మేరీ క్లింకర్ చనిపోయింది. ఇండియానా రాష్ట్రపు అమ్మాయి, వయసు 27. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక కుడ్యం మీద ఉన్న పేర్లలో ఆడవాళ్లవి ఎనిమిదే. అందరూ నర్సులే. వైమానిక దళానికి చెందినది క్లింకర్ పేరొక్కటే.

మొదట అందరూ విద్రోహ చర్య అనుకున్నారు. యుద్ధ సమయం కాబట్టి అనుమానం సహజమే. శకలాల్లో చాలా భాగం చుట్టుపక్కలవాళ్లు పట్టుకుపోతే, వైమానిక దళం డబ్బిచ్చి తిరిగి కొనుక్కోవలసి వచ్చింది. నౌకాదళం సముద్రంలో వెదికి ఊడిన భాగాలు కొన్ని తీసింది. చివరికి తేలింది ఏమిటంటే బాంబూ లేదు, క్షిపణీ లేదు. ర్యాంపు గొళ్లాల్లో కొన్ని భాగాలు అంతకు ముందు వేరే అవసరానికి ఊడదీశారు. తర్వాత మళ్లీ బిగించినప్పుడు సర్దుబాటు సరిగ్గా చెయ్యలేదు. కొన్ని గొళ్లాలు పూర్తిగా పడలేదు. ట్రేనర్, హార్ప్ ఇద్దరికీ ఎయిర్ ఫోర్స్ క్రాస్ పతకాలిచ్చారు. వాళ్లు దానికి అన్ని విధాలా తగినవాళ్లు. కాని గొళ్లెం సరిగ్గా పడి ఉంటే వాళ్ల నేర్పుతో ఎవరికీ పని పడేది కాదు.

మొదటి కథ ఇంతే. రెండో కథ మర్నాడు మొదలైంది.

బతికిన పిల్లల్ని సైగాన్ ఆసుపత్రిలో చూశారు. పెద్ద గాయాలున్నవాళ్లకు కట్లు కట్టారు. మిగతావాళ్లను, పైకి ఏ గాయమూ కనబడని వాళ్లను, కొద్ది రోజుల్లోనే వేరే విమానాలెక్కించి దేశం దాటించారు. ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. ఆ నెలలో బేబీలిఫ్ట్ ద్వారా మొత్తం రెండువేల మందికి పైగా పిల్లలు వచ్చారు. వాళ్లందరూ నిజంగా అనాథలేనా అన్న వివాదం వెంటనే లేచింది. తమకు తల్లి ఉంది, అన్నలున్నారు అని కొందరు పిల్లలు చెప్పడం విని, 1975 ఏప్రిల్‌లోనే శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. పిల్లలందరి తరఫునా ఒకే కేసుగా దాన్ని నడపడానికి కోర్టు చివరికి ఒప్పుకోలేదు. కొందరి కాగితాలు తప్పులు, కొందరివి మారిపోయాయి, కూలిన విమానంలో ఉన్న కొందరివి కాలిపోయాయి. మా రోగుల కుటుంబ చరిత్ర గడిలోని "తెలియదు" పుట్టింది అక్కడే.

కూలిన విమానంలోని పిల్లలకు మరో తెలియనితనం తోడైంది. కొత్త ఇళ్లలో పెరుగుతున్నకొద్దీ వాళ్లలో కొందరు ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, మాటలు ఆలస్యం కావడం, చదువులో వెనకబడడం, మూర్ఛలు రావడం తల్లిదండ్రులు గమనించారు. ఇది విమానం వల్లనా? 23,000 అడుగుల ఎత్తున గాలి పోయినప్పుడు పెద్దవాళ్లకే తెలివి నిలిచేది కొద్ది నిమిషాలు. పసిబిడ్డ శరీరం కిలో బరువుకి పెద్దవాడికన్నా దాదాపు రెట్టింపు ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది. పై అంతస్తులో ఉన్న ఆక్సిజన్ మాస్కులు సైనికుల మొహాలకు చేసినవి, సీటుకి ఇద్దరు పిల్లలున్నచోట లెక్కకూ చాలవు. దానికి తోడు కూలినప్పటి కుదుపు. అంచేత ఆ పిల్లల మెదడుకు దెబ్బ తగిలి ఉండవచ్చు అని ఒక పక్క డాక్టర్లన్నారు. కాదు, విమానం త్వరగా కిందికి దిగింది, పై అంతస్తులో కుదుపు అంత ఎక్కువ లేదు, ఈ లక్షణాలు శరణాలయంలోని పోషకాహార లోపం వల్ల, యుద్ధం వల్ల, తల్లి లేని పెంపకం వల్ల వచ్చినవి అని రెండో పక్క డాక్టర్లన్నారు.

డాక్టర్లుగా మేము నిజం చెప్పాలంటే, ఇద్దరి వాదనలోనూ పస ఉంది. ఆనాడు ఈ లక్షణాలకు మినిమల్ బ్రెయిన్ డిస్‌ఫంక్షన్ అని ఒక వదులు పేరు ఉండేది. 1980లో వచ్చిన మానసిక వ్యాధుల వర్గీకరణ దాన్ని వదిలి, ఏకాగ్రత లోపం అన్న కొత్త పేరు తెచ్చింది. పుట్టినప్పటి బరువు తెలియని, తల్లి ఆరోగ్యం తెలియని, విమానమెక్కే ముందు ఎలా ఉండేవాడో తెలియని పిల్లవాడి మెదడులో ఏ లోపం ఏ కారణం వల్ల వచ్చిందో విడదీయడం ఈనాటికీ సులువు కాదు. కాని ఒక్క విషయంలో అనుమానం లేదు. పరీక్ష చెయ్యందే ఏదీ తెలియదు. అదీ మెదడు ఇంకా ఎదుగుతున్న వయసులో చెయ్యాలి. లోపం ఉన్నట్టు అప్పుడే తెలిస్తే ప్రత్యేక బోధన, మాటల శిక్షణ, మందులు పనికొస్తాయి. ఇరవయ్యేళ్లు వచ్చాక తెలిస్తే ఆ ప్రయోజనం తగ్గిపోతుంది.

1976లో ఫ్రెండ్స్ ఫర్ ఆల్ చిల్డ్రన్ సంస్థ పిల్లల తరఫున వాషింగ్టన్ ఫెడరల్ కోర్టులో లాక్‌హీడ్ మీద దావా వేసింది. లాక్‌హీడ్ అమెరికా ప్రభుత్వాన్ని కూడా అందులోకి లాగింది. 1979లో ఒక ఒప్పందం కుదిరింది. పిల్లల తరఫువాళ్లు శిక్షగా వేసే అదనపు పరిహారం అడగరు, దానికి బదులు కంపెనీ తన బాధ్యత గురించి వాదించదు. ఇక మిగిలింది ఏ పిల్లవాడికి ఎంత నష్టం జరిగిందన్న ప్రశ్న. మొదట విచారణ జరిగిన కేసుల్లో జ్యూరీలు పిల్లలకు పెద్ద మొత్తాలిచ్చాయి. 1981లో పై కోర్టు ఆ తీర్పులు కొట్టేసింది. తర్వాత అమెరికాలో పెరుగుతున్న పిల్లల కేసులు రాజీ అయ్యాయి. ఫ్రాన్స్ మొదలైన దేశాలకు దత్తత వెళ్లిన పిల్లలు మాత్రం మిగిలిపోయారు. అప్పటికి వాళ్లకు పదేళ్లు దగ్గర పడుతున్నాయి. కాలం మించిపోతోంది. వాళ్లకు పరీక్షలు చేయించడానికైనా ముందు డబ్బివ్వండి అని న్యాయవాదులు అడిగారు. ముందు గాయమైనట్టు రుజువు చెయ్యండి, తర్వాత చూద్దాం అని కంపెనీ అంది. గాయమైందో లేదో తెలియడానికే కదా పరీక్ష అడుగుతున్నది!

1984లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఈ చిక్కు విడదీసింది. అందుకు వాళ్లు చెప్పిన ఉదాహరణ మన వీధుల్లో కూడా జరిగేదే. ఒకడు ఎర్ర దీపం లెక్కచెయ్యకుండా మోటార్ సైకిల్ మీద దూసుకొచ్చి దారిన పోయేవాణ్ని పడగొట్టాడు. పడ్డవాడి తల నేలకు గట్టిగా తగిలింది. డాక్టర్లు తల లోపల దెబ్బేమైనా ఉందేమోనని పరీక్షలు చేయించారు. అదృష్టవశాత్తూ ఏమీ లేదని తేలింది. మరి ఆ పరీక్షల ఖర్చు ఎవరిది? పడ్డవాడిదా, పడగొట్టినవాడిదా? పడగొట్టినవాడిదే అనడానికి లా చదవనక్కరలేదు. పరీక్ష చేయించుకోవలసిన పరిస్థితి తెచ్చిపెట్టడమే ఒక నష్టం అని కోర్టు అంది. పిల్లల పరీక్షల కోసం 4,50,000 డాలర్లు నిధిగా పెట్టమన్న కింది కోర్టు ఆజ్ఞను ఖాయం చేసింది.

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కాని ఈ దేశపు న్యాయశాస్త్రంలో వైద్య పర్యవేక్షణ హక్కు అనేదానికి పునాది వేసిన తీర్పుల్లో ఇదొకటి. ఊరి మంచినీళ్లలో రసాయనాలు కలిసిన కేసుల్లో, ఆస్‌బెస్టాస్ దుమ్ము పీల్చినవాళ్ల కేసుల్లో ఈ వాదన మళ్లీ మళ్లీ వచ్చింది. అన్నిచోట్లా నెగ్గలేదు. 1997లో రైల్వే కూలీల ఆస్‌బెస్టాస్ కేసులో సుప్రీంకోర్టు దీనికి హద్దులు గీసింది. అయినా ఆలోచన నిలిచింది. 2015లో కోర్టు ఆమోదించిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల తలదెబ్బల ఒప్పందంలో, రిటైరైనవాళ్లకు మెదడు పరీక్షలు చేయించే ఏర్పాటు ఒక ముఖ్యాంశం.

మన వైపు చూసుకుంటే, ఈ తీర్పు వచ్చిన 1984లోనే డిసెంబరులో భోపాల్ విషవాయువు లీకైంది. 1991లో మన సుప్రీంకోర్టు అక్కడి బాధితుల మీద ఎనిమిదేళ్లపాటు వైద్య పర్యవేక్షణ ఉండాలనీ, ఇంకా లక్షణాలు కనబడని లక్షమందికి బీమా చెయ్యాలనీ ఆదేశించింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరీన్ వాయువు లీకై పన్నెండు మంది చనిపోయారు. చనిపోయినవాళ్ల లెక్క పత్రికల్లో వచ్చింది. పీల్చి బతికినవాళ్లను, ముఖ్యంగా ఆ రాత్రి పక్కల్లో నిద్రపోతున్న పిల్లల్ని, ఏళ్ల తరబడి వరసగా చూడవలసిన పని మిగిలింది. అది విశాఖ డాక్టర్లకు చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఆ పనికి డబ్బిచ్చేవాళ్లకు. అలాంటప్పుడు సైగాన్ పసికందుల తీర్పు గుర్తుచెయ్యడానికి పనికొస్తుంది.

మా వృత్తిలో ఒక పాడు అలవాటు ఉంది. ఎమర్జెన్సీలో రోగిని చూసి, విరిగిన ఎముక లేదు, కారుతున్న రక్తం లేదు అని తేలితే, ఏమీ లేదు వెళ్లండి అంటాం. నిజానికి అనవలసింది, ఇప్పుడు మాకు కనిపించేది ఏమీ లేదు అని. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆ వరిచేలోంచి లేపిన పిల్లలు పదేళ్లపాటు నిరూపించుకోవలసి వచ్చింది. వాళ్లలో చాలామంది బాగానే పెరిగారు, చదువుకున్నారు, పిల్లల్ని కన్నారు. కొందరు డి.ఎన్.ఎ. పరీక్షల ద్వారా పుట్టింటివాళ్లను వెదుక్కుంటున్నారు. బాగున్నారన్న సంగతి కూడా చూస్తేనే తెలిసింది, చూడకుండా అనుకుంటే కాదు.

కనుక మన సంఘం కుటుంబాలకు రెండు మాటలు మనవి చేసుకుంటాం. ఇంట్లో పిల్లలకు తలదెబ్బ తగిలినా, కారు ప్రమాదం జరిగినా, డాక్టరు ఏమీ లేదన్న రోజునే ఆ కాగితాలు నకలు తీసుకుని దాచండి. తర్వాతి నెలల్లో నిద్రలో, చదువులో, కోపంలో మార్పు కనిపిస్తే మళ్లీ తీసుకెళ్లండి. మొదటిసారి బతికి బయటపడ్డాం కదా అని మొహమాటపడవద్దు. రెండోది, మీ కుటుంబ చరిత్ర ఒక కాగితం మీద రాసి పెట్టండి. అత్తయ్యలూ మామయ్యలూ ఉన్నప్పుడే ఫోను చేసి అడిగి రాయండి. ఇక్కడ పుట్టిన మన పిల్లలు రేపు ఏదో ఊళ్లో ఏదో డాక్టరు ముందు కూర్చుని, ఆ గడి దగ్గర ఆగిపోకూడదు. వాళ్ల విషయంలో ఆ కాగితం తగలబడలేదు. మనం రాయకపోతే మాత్రం, తగలబడినదానితో సమానమే.